కట్టుడు పళ్ళ సెట్టు నిలవడం లేదు, అమ్మకు ఇంప్లాంట్లు పెట్టించవచ్చా? చుట్టుపక్కల వినిపించే మాటల్లో నిజమెంత?

పెన్నాఒడ్డు (నెల్లూరు)

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మగారికి 71 ఏళ్ళు. కందుకూరులో ఉంటారు. పదకొండేళ్ళ క్రితం పళ్ళన్నీ తీయించుకుని పైకీ కిందికీ కట్టుడు పళ్ళ సెట్టు పెట్టించుకున్నారు. పై సెట్టుతో పెద్ద ఇబ్బంది లేదు గానీ, కింది సెట్టు రెండేళ్ళుగా మాట్లాడుతుంటేనే లేచిపోతోంది. అంటించుకునే క్రీము ఉదయం రాసుకుంటే మధ్యాహ్నం భోజనం దాకా కూడా ఆగడం లేదు. మొన్న ఒక పెళ్ళిలో విస్తరి ముందు కూర్చుని, ఎవరూ చూడకుండా ఆ సెట్టు తీసి చేతిరుమాలులో చుట్టి సంచిలో వేసుకోవడం నేను చూశాను. ఆ రోజే ఇంప్లాంట్ల మాట ఎత్తాను.

ఎత్తిన నాటి నుంచి ఇంటికి వచ్చినవారల్లా ఒక అభ్యంతరం చెప్పి వెళ్తున్నారు. ఈ వయసులో ఎముక పట్టదని మేనమామ అంటారు. దవడలో మేకు దిగ్గొడితే నరం తెగి మూతి వంకర పోతుందని పక్కింటి పిన్ని అంటుంది. అమ్మకు తొమ్మిదేళ్ళుగా సుగర్ ఉంది కనుక ఆ ఊసే వద్దని ఒకరు, రేపు తలకు ఎంఆర్‌ఐ తీయాల్సి వస్తే ఆ ఇనుమంతా పీకేయాలని మరొకరు చెప్పారు. మరోవైపు నేను విచారించిన ఒక క్లినిక్కులో, మూడు రోజుల్లో పని పూర్తవుతుందనీ, ఆ తర్వాత జీవితాంతం చూసుకోనక్కర్లేదనీ చెప్పారు. భయపెట్టే మాటలూ నమ్మబుద్ధి కావడం లేదు, ఈ భరోసా కూడా నమ్మబుద్ధి కావడం లేదు. తెలిసినవారు వివరించగలరు.

ఉదయగిరి_చెక్కగరిటె

మా నాన్నగారికి పై దవడ పన్ను ఒకటి పుచ్చి చీము పట్టినా, పై పన్ను పీకిస్తే చూపు పోతుందన్న భయంతో ఆరు నెలలు అలాగే ఉంచుకున్నారు. చివరికి ముఖం వాచి ఆసుపత్రిలో చేరవలసి వచ్చింది. పన్ను తీయడానికే ఇంత భయపడే మన ప్రాంతంలో ఇంప్లాంట్ల మీద అపోహలు ఉండటం వింతేమీ కాదు.

పళ్ళవైద్యుడు (ఒంగోలు)

పరీక్షించని మనిషికి వైద్యం చెప్పడం సరి కాదు కాబట్టి, పెన్నాఒడ్డు గారు ప్రస్తావించిన మాటల గురించి మాత్రమే రాస్తాను.

మొదట ఇంప్లాంట్ అంటే ఏమిటో తెలిస్తే సగం భయాలు వాటంతటవే తగ్గుతాయి. అది పన్ను వేరు స్థానంలో ఎముకలో కూర్చునే టైటానియం స్క్రూ. దాని మీద ఒక చిన్న దిమ్మె, ఆ దిమ్మె మీద క్యాప్ గానీ సెట్టు గానీ వస్తాయి. స్వీడన్‌కు చెందిన బ్రోన్‌మార్క్ అనే శాస్త్రవేత్త 1952లో కుందేళ్ళ ఎముకలో రక్త ప్రసరణను గమనించడానికి టైటానియం గొట్టాలు అమర్చారు. పని అయ్యాక తీయబోతే అవి ఊడి రాలేదు, ఎముక వాటిని పట్టేసుకుంది. ఆయన వెతుకుతున్నది ఒకటి, దొరికినది మరొకటి. 1965లో యోస్టా లార్సన్ అనే రోగి కింది దవడకు ఆ పద్ధతిలోనే స్క్రూలు అమర్చారు. ఆయన 2006లో మరణించే నాటికీ అవి పని చేస్తూనే ఉన్నాయి. కాబట్టి ఇది నిన్న మొన్న వచ్చిన ప్రయోగం కాదు.

ఇక ఇనుము సంగతి. టైటానియం ఇనుము కాదు, అయస్కాంతానికి అంటదు. గాలి తగలగానే దాని పైన ఏర్పడే పలుచని ఆక్సైడు పొర వల్ల తుప్పు పట్టదు. ఎంఆర్‌ఐ కోసం దాన్ని తీయనవసరం లేదు. దవడ భాగాన్నే ఫోటో తీస్తున్నప్పుడు స్క్రూ చుట్టూ బొమ్మ కొంత చెదరవచ్చు కనుక, ఇంప్లాంట్లు ఉన్నాయని స్కాన్ తీసేవారికి ముందే చెబితే సరిపోతుంది.

మూతి వంకర పోవడం గురించి పక్కింటి పిన్నిగారు చెప్పినదానిలో రెండు నరాలు కలిసిపోయాయి. ముఖ కండరాలను కదిలించే నరం వేరు, అది కింది దవడ ఎముక లోపల ఉండదు. ఆ ఎముకలోని గొట్టం వంటి దారిలో వెళ్ళేది స్పర్శ తెలిపే నరం. స్క్రూ పొడవు తప్పుగా ఎంచి దాన్ని తాకితే కింది పెదవీ గడ్డమూ తిమ్మిరెక్కినట్టు ఉంటాయి. ఆ తిమ్మిరి కొందరిలో నెలల తరబడి, అరుదుగా శాశ్వతంగా ఉండిపోతుంది. అంటే ప్రమాదం లేకపోలేదు గానీ, అది ఆమె చెప్పిన ప్రమాదం కాదు. ఎముక ఎత్తునూ నరం దారినీ మూడు దిక్కుల నుంచి చూపించే సీబీసీటీ స్కాన్ తీయించేది అందుకే. ఆ నరం చిన్న దవడ పళ్ళ దగ్గర బయటికి వచ్చేస్తుంది కనుక, ముందు పళ్ళ భాగంలో పెట్టే స్క్రూలకు ఆ భయం చాలా తక్కువ.

వయసుకు పై హద్దు లేదు. హద్దు ఉన్నది కింది వైపే. దవడ ఎదుగుదల పూర్తి కాని పిల్లలకు పెట్టకూడదు. పెడితే చుట్టూ ఉన్న పళ్ళు ఎదుగుతాయి, స్క్రూ మాత్రం ఉన్నచోటే ఉండిపోతుంది.

పొగతోట_మందులషాపు

వైద్యుడు గారి మాటలకు మందుల వైపు నుంచి కొంత చేర్చాలనుకుంటున్నాను. పెద్ద వయసువారికి వయసు కంటే వారు వాడే మందులే ముఖ్యం. ఎముకలు గుల్లబారాయని వారానికి ఒకటి చొప్పున అలెండ్రోనేట్ బిళ్ళ వేసుకునేవారూ, ఏడాదికి ఒకసారి జోలెడ్రోనిక్ యాసిడ్ సూది వేయించుకునేవారూ ఆ సంగతి పళ్ళ వైద్యుడికి చెప్పడం మరచిపోతారు, ఎందుకంటే అది కీళ్ళ డాక్టరు రాసిన మందు కదా అనుకుంటారు. ఈ మందులు వాడేవారిలో పన్ను తీసినా, దవడకు శస్త్రచికిత్స చేసినా అరుదుగా పుండు మానక ఎముక కుళ్ళే ప్రమాదం ఉంది. క్యాన్సరుకు ఎక్కువ మోతాదులో సూదులు వేయించుకునేవారిలో ఆ ప్రమాదం ఎక్కువ.

మరొక అలవాటు కూడా నాకు తరచూ కనిపిస్తుంది. గుండెకు రక్తం పలుచబడే బిళ్ళలు వాడేవారు పళ్ళ వైద్యుడి దగ్గరకు వెళ్ళే ముందు వాటిని తామే వారం రోజులు ఆపేసి వస్తారు. అలా చేయకండి. ఆపాలా వద్దా అన్నది గుండె వైద్యుడే చెప్పాలి. చాలా సందర్భాల్లో ఆపనవసరం ఉండదు.

పెన్నాఒడ్డు (నెల్లూరు)

ఇద్దరికీ ధన్యవాదాలు. అమ్మ ఎముకల బిళ్ళలు వాడటం లేదని ఇప్పుడే ఫోన్ చేసి నిర్ధారించుకున్నాను. సుగర్ సంగతి కూడా చెప్పగలరా?

పళ్ళవైద్యుడు (ఒంగోలు)

సుగర్ ఉండటం అడ్డంకి కాదు, అదుపులో లేకపోవడమే అడ్డంకి. ఆ రోజు ఉదయం వేలు గుచ్చి చూసిన అంకె కంటే మూడు నెలల సగటు తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్షను మేము నమ్ముతాము. అది 7 దరిదాపుల్లో ఉంటే ముందుకు వెళ్తాము. 8 దాటితే చాలామంది వైద్యులు వాయిదా వేస్తారు. పుండు మానడం ఆలస్యమైతే ఎముక స్క్రూను పట్టుకోవడం కూడా ఆలస్యమవుతుంది.

బ్యారన్_రైతు (టంగుటూరు)

నాకు 54 ఏళ్ళు. పొగాకు పండిస్తాను, రోజుకు నాలుగు చుట్టలు కాలుస్తాను. నిరుడు ఇంప్లాంటు కోసం వెళ్తే చుట్ట మానేస్తే గాని పెట్టనని డాక్టరు తిప్పి పంపారు. ఇది నిజంగా అంత ముఖ్యమా, లేక నీతి బోధ మాత్రమేనా?

పళ్ళవైద్యుడు (ఒంగోలు)

నీతి బోధ కాదండీ. నికోటిన్ వల్ల చిగుళ్ళలో సన్నని రక్తనాళాలు ముడుచుకుపోతాయి. రక్తం అందని చోట ఎముక పెరగదు. పొగ తాగేవారిలో ఇంప్లాంట్లు ఊడిపోయే అవకాశం తాగనివారి కంటే దాదాపు రెట్టింపు అని అనేక పరిశీలనలు చెబుతున్నాయి. కనీసం వారం ముందు నుంచీ, పెట్టిన తర్వాత రెండు నెలల పాటూ మానమని అడుగుతాము. పూర్తిగా మానితే మరీ మంచిది. మిమ్మల్ని తిప్పి పంపిన వైద్యుడు మీ డబ్బు కాపాడారు.

కనిగిరి_టీచరు

మా ప్రాంతానికే ప్రత్యేకమైన ఒక అపోహను ఇక్కడ ఉంచుతున్నాను. కనిగిరి, పామూరు, మర్రిపూడి వైపు పల్లెల్లో పసుపు, గోధుమ రంగు మచ్చల పళ్ళు ఉన్నవారు ఇంటికి ఒకరైనా కనిపిస్తారు. మచ్చలు ఏర్పడింది బావుల, బోరుల నీటిలోని ఫ్లోరైడు వల్ల. ఈ సమస్య కొత్తది కాదు. 1937లోనే మద్రాసు రాజధానికి చెందిన వైద్య పరిశోధకులు అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఫ్లోరోసిస్ గురించి ప్రచురించారు. 1970లో కొత్త జిల్లా ఏర్పడే వరకు కనిగిరి, పొదిలి నెల్లూరు జిల్లాలోనే ఉండేవి.

ఇప్పుడు పెళ్ళీడుకు వచ్చిన పిల్లల తల్లిదండ్రులు రెండు విధాలుగా మాట్లాడుతున్నారు. ఫ్లోరైడు ఎముకలో స్క్రూ నిలవదని కొందరంటారు. మచ్చల పళ్ళన్నీ పీకించి వరుసగా ఇంప్లాంట్లు పెట్టిస్తే తెల్లగా ఉంటాయని ఇంకొందరంటారు. నా పూర్వ విద్యార్థిని ఒకరు, వయసు 23, రెండో మాట విని ఆరు ముందు పళ్ళు తీయించుకోవడానికి సిద్ధపడింది. నేను ఆపాను గానీ, ఆపడానికి తగిన కారణం నా దగ్గర లేదు.

పళ్ళవైద్యుడు (ఒంగోలు)

టీచరు గారూ, ఆపినందుకు మీకు నమస్కారం పెట్టాలి.

పంటి మీది మచ్చ పింగాణీ పొర తయారయ్యే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్ళ లోపు, తాగిన నీటి వల్ల వచ్చినది. అది పంటి పైపొర లోపం. వేరు గట్టిగానే ఉంటుంది, ఎముకలో పట్టు బాగానే ఉంటుంది. ఆ మచ్చలను పలుచగా అరగదీసి, రంగు తగ్గించి, లేదా పంటి ముందు వైపు పలుచని పింగాణీ పలక అతికించి కప్పివేయవచ్చు. మరీ గుంటలు పడితే క్యాప్ వేయవచ్చు. ఇంతటి గట్టి వేరును పీకి స్క్రూ పెట్టడమంటే ఇంటి గోడకు సున్నం పాడైందని పునాది తవ్వించడమే.

ఎముక సంగతి వేరు. మచ్చల పళ్ళు ఉన్నంత మాత్రాన దవడ ఎముక చెడిందని కాదు. నడుము, మెడ బిగుసుకుపోయి కీళ్ళు కదలనంతగా ఎముకలకు ఫ్లోరోసిస్ సోకినవారి విషయంలో మాత్రం ఎముక గట్టిగా కనిపించినా పెళుసుగా ఉంటుంది కనుక, స్కాన్ చూసి జాగ్రత్తగా నిర్ణయించాలి. ఇంట్లో పసిపిల్లలు ఉంటే ముందు నీటిని పరీక్ష చేయించండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీరు తాగడానికి పనికిరాదు.

కనిగిరి_టీచరు

కారణం దొరికింది. ఈ సమాధానాన్ని అలాగే ఆ అమ్మాయికి పంపిస్తున్నాను.

సింగరాయకొండ_రిటైర్డు

ఇంతవరకు చర్చ అంతా భయాల చుట్టూ తిరిగింది. నన్ను దెబ్బ తీసింది భయం కాదు, అతి నమ్మకం. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఏడేళ్ళ క్రితం కింది దవడ పన్ను ఒకటి పోతే చెన్నైలో ఇంప్లాంటు పెట్టించుకున్నాను. చేసినవారి పనిలో లోపం లేదని ఇప్పటికీ నమ్ముతున్నాను. వచ్చేటప్పుడు జీవితకాలపు వారంటీ అని ముద్రించిన కార్డు ఒకటి ఇచ్చారు. ఆ కార్డును నేను బీరువాలో భూమి దస్తావేజుల పక్కన పెట్టుకున్నాను. ఇనుప పన్నుకు పురుగు పట్టదు కదా అని ఆ పక్కన బ్రష్ చేయడం మానేశాను. ఆరు నెలలకొకసారి చూపించుకోమని చెప్పారు గానీ, నొప్పి లేనప్పుడు నూట యాభై మైళ్ళు ఎందుకు వెళ్తామని వెళ్ళలేదు.

నాలుగో ఏడు నుంచి అక్కడ చిగురు కొద్దిగా ఎర్రబడింది. పుక్కిలిస్తే ఎప్పుడైనా రక్తం కనిపించేది. నొప్పి మాత్రం ఒక్క రోజు కూడా లేదు. ఆరో ఏట ఒక ఉదయం నాలుకతో తాకితే పన్ను కదిలింది. ఒంగోలులో ఎక్స్‌రే తీస్తే స్క్రూ చుట్టూ ఎముక గిన్నెలా తినేసి ఉంది. తీసివేయక తప్పలేదు. కార్డు తీసుకుని వెళ్తే, వారంటీ స్క్రూకు మాత్రమేననీ, కొత్త స్క్రూ ఇస్తామనీ, ఎముక పొడి వేయడానికీ, మళ్ళీ శస్త్రచికిత్సకూ, క్యాపుకూ డబ్బు నేనే కట్టాలనీ చెప్పారు. కార్డులో సన్నని అక్షరాలతో ఆ సంగతి రాసే ఉంది. ఉద్యోగంలో ముప్పై ఏళ్ళు జనం చేత సన్నని అక్షరాలు చదివించి సంతకాలు పెట్టించినవాణ్ణి నేను.

పళ్ళవైద్యుడు (ఒంగోలు)

ఈ చర్చలో అన్నింటికంటే ఉపయోగపడే అనుభవం ఇదే. స్క్రూకు పురుగు పట్టదన్నది నిజమే, కానీ దాన్ని పట్టి ఉంచే చిగురుకూ ఎముకకూ జబ్బు చేస్తుంది. సహజమైన పంటికీ ఎముకకూ మధ్య నారల పొర ఉంటుంది. గట్టిగా కొరికితే తెలిసేది, వాపు వస్తే సలుపు పుట్టేది ఎక్కువగా ఆ పొర వల్లనే. ఇంప్లాంటుకు ఆ పొర ఉండదు. అందువల్ల ఎముక తరుగుతున్నా మనిషికి తెలియదు. నొప్పి లేకపోవడం ఆరోగ్యానికి గుర్తు కాదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తోచదు. బ్రష్ చేసినప్పుడు రక్తం కనిపించిందంటే వారంలోపు చూపించుకోవాలి. మొదట్లో అయితే శుభ్రం చేసి ఆపవచ్చు.

బాగా చూసుకున్నవారిలో పదేళ్ళ తర్వాత కూడా నూటికి తొంభైకి పైగా ఇంప్లాంట్లు నిలుస్తున్నాయి. ఆ అంకెలో "చూసుకున్నవారిలో" అన్న మాటను ప్రకటనల్లో ఎవరూ ముద్రించరు.

మలైకాజా_నెల్లూరు

మూడు రోజుల్లో పళ్ళు అన్నది మోసమేనా? మా బావగారికి ఒంగోలులో అలాగే పెట్టారు, రెండేళ్ళుగా బాగానే ఉన్నాయి.

పళ్ళవైద్యుడు (ఒంగోలు)

మోసం కాదు, అందరికీ కుదిరేది కాదు. బిగించేటప్పుడే స్క్రూకు తగినంత పట్టు దొరికితే వెంటనే తాత్కాలిక పళ్ళు అమర్చవచ్చు. అయినా ఎముక దాన్ని పట్టుకోవడానికి కింది దవడలో సుమారు మూడు నెలలు, మెత్తగా ఉండే పై దవడలో నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. మీ బావగారికి ఆ మూడు రోజుల్లో పెట్టినవి పళ్ళు. ఎముక పట్టడం మాత్రం ఆ తర్వాత నెలల్లో జరిగింది. ఆ నెలల్లో జంతికలు, చెరుకు ముక్కలు కొరకలేదు గనుకనే నిలిచి ఉంటాయి.

ఉదయగిరి_చెక్కగరిటె

ఒక అనుమానం. ఇంత మంచిదైతే, పుచ్చిన పన్నుకు రూట్ కెనాల్ చేయించే బదులు తీసేసి ఇంప్లాంటు పెట్టించుకోవడమే మేలు కదా? నాకు ఒకచోట అలాగే సలహా ఇచ్చారు.

పళ్ళవైద్యుడు (ఒంగోలు)

నిలబెట్టగలిగిన పన్నును నిలబెట్టడమే మొదటి వైద్యం. మా వృత్తిలో ఈ విషయంలో తొందరపడేవారు ఉన్నారని ఒప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు. వేరు నిలువునా చీలిందనో, పన్ను చుట్టూ ఎముక మిగలలేదనో చెబితే ఎక్స్‌రేలో చూపించమని అడగండి, మరొకరి అభిప్రాయం కూడా తీసుకోండి. అయితే పన్ను ఎలాగూ తీసివేశాక ఏళ్ళ తరబడి ఖాళీగా వదిలేయకండి. తీసిన మొదటి ఏడాదిలోనే అక్కడి ఎముక వెడల్పు సగం దాకా తగ్గిపోవచ్చు. తర్వాత ఎముక పొడి వేసి పెంచవలసి వస్తే ఖర్చూ కాలమూ రెండూ పెరుగుతాయి. జ్ఞాన దంతం పోయిన చోట మాత్రం ఏమీ పెట్టనక్కర్లేదు.

పెన్నాఒడ్డు (నెల్లూరు)

మా అమ్మకు పదకొండేళ్ళుగా పళ్ళు లేవు. అంటే ఎముక మిగిలి ఉండదేమో! పైగా పన్నుకొకటి చొప్పున కింద పద్నాలుగు స్క్రూలు పెట్టించే స్తోమత మాకు లేదు.

పళ్ళవైద్యుడు (ఒంగోలు)

పన్నుకొక స్క్రూ అన్నది పెద్ద అపోహ. మీ అమ్మగారి ఇబ్బందికి కారణం చూడండి. పై సెట్టు అంగిలి మొత్తాన్ని కప్పి గాలి లేకుండా అతుక్కుంటుంది. కింద అంత చోటు లేదు, పైగా నాలుక కదిలినప్పుడల్లా సెట్టును లేపుతుంది. కింది దవడలో ముందు వైపు రెండు స్క్రూలు పెట్టి, వాటి మీద చొక్కా బొత్తాముల వంటి బిళ్ళలు అమర్చి, సెట్టు లోపలి వైపు వాటికి సరిపడే గూళ్ళు చేస్తారు. సెట్టు టక్కున బిగుస్తుంది, రాత్రి తీసి కడుక్కోవచ్చు. పళ్ళు పూర్తిగా లేని కింది దవడకు కనీసం ఈ రెండు స్క్రూల పద్ధతినే మొదట పరిగణించాలని 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో సమావేశమైన నిపుణులు ప్రకటించారు. ఎన్నాళ్ళు పళ్ళు లేకపోయినా దవడ ముందు భాగంలో చాలామందికి ఎముక మిగిలే ఉంటుంది. స్కాన్ తీయించండి.

పొగతోట_మందులషాపు

అంగిలి ప్రస్తావన వచ్చింది కనుక ఒక మాట. పై సెట్టు పెట్టుకున్నవారికి అంగిలి మీద స్పర్శ తెలియదు కాబట్టి చేపల పులుసు తినేటప్పుడు ముల్లు ఉన్న సంగతి గొంతు దాకా వెళ్ళాక గాని తెలియదు. నెల్లూరులో ఉండి ఈ హెచ్చరిక చేయకపోతే పాపం.

పెన్నాఒడ్డు (నెల్లూరు)

మూడు వారాల తర్వాత మళ్ళీ రాస్తున్నాను. నెల్లూరులో స్కాన్ తీయించాము. దవడ ముందు భాగంలో రెండు స్క్రూలకు సరిపడా ఎముక ఉందన్నారు. మూడు నెలల సుగర్ మాత్రం 8.6 వచ్చింది. అందువల్ల వైద్యురాలు ఇప్పుడే చేయనన్నారు. మందు మార్చారు, సంక్రాంతి వెళ్ళాక మళ్ళీ పరీక్ష చేయించి తేదీ పెట్టుకుందామన్నారు. ఆమె కాదనడంతోనే నాకు ఆమె మీద గురి కుదిరింది.

అమ్మకు ఈ చర్చ అంతా చదివి వినిపించాను. మూతి వంకర సంగతి తేలిపోయినందుకు సంతోషించింది గానీ, రిటైర్డు గారి కథ విన్నాక, ఆరు నెలలకొకసారి తనను నెల్లూరు తీసుకువెళ్తానని నా చేత మాట తీసుకుంది. ఒక్క సందేహం మిగిలింది. ఇప్పుడున్న కింది సెట్టుకు అలవాటు పడింది, కొత్తది తప్పనిసరిగా చేయించాలా?

పళ్ళవైద్యుడు (ఒంగోలు)

పగుళ్ళు లేకుండా, పళ్ళు మరీ అరిగిపోకుండా ఉంటే పాత సెట్టుకే గూళ్ళు అమర్చవచ్చు. వెళ్ళేటప్పుడు దాన్ని వెంట తీసుకువెళ్ళండి, చేతిరుమాలులో కాకుండా నీళ్ళు పోసిన డబ్బాలో.